లారీ ఎక్కని గుంట

తడి లప్పానికి ఒక వాసన ఉంటుంది. సున్నం వాసనలా చల్లగా లోపలికి దిగదు, మట్టి వాసనలా ఎవరినీ వెంటబెట్టుకుని రాదు. ముక్కు కొసన నిలబడి, లోపలికి రావచ్చునా అని అడుగుతూ అక్కడే ఆరిపోతుంది. నిన్న పొద్దున కరీంనగర్‌లో మేము అద్దెకున్న అపార్టుమెంటు మూడో అంతస్తులో స్టూలెక్కి, ఇన్నేళ్లలో గోడలకు నేను కొట్టిన మేకుల తూట్లన్నీ పూడుస్తూ ఆ వాసనలో చాలాసేపు నిలబడ్డాను. ఇచ్చిననాడు గోడలు ఎట్లా ఉన్నాయో తిరిగి అప్పగించేనాడూ అట్లాగే ఉండాలన్నది ఓనరు షరతు. పెళ్లినాటి ముఖంతో తిరిగి రమ్మంటే నావల్ల కాదు గానీ గోడల సంగతైతే ప్రయత్నించవచ్చు. మేకు కొట్టడంలో నా నేర్పు ఎలాంటిదంటే, ఒక్క పటం వేలాడాలంటే గోడకు మూడు తూట్లు పడాల్సిందే; రెండు అభ్యాసానికి, ఒకటి అదృష్టానికి. పూడ్చడంలోనూ అదే నేర్పు. లప్పం గోడకన్నా నా బనీనుకే ఎక్కువ పట్టింది.

"గోడకు పెడ్తున్నవా, నువ్వే పూసుకుంటున్నవా?" అని మా ఆవిడ వంటింట్లోంచి ఒక మాట విసిరి, జవాబు కోసం ఆగకుండా గిన్నెలు సర్దుకుంది.

ఓనరు కొడుకుకు పెళ్లి కుదిరింది, ఫ్లాటు వాళ్లకు కావాలి, మేము పక్క గల్లీలో ఇంకో అపార్టుమెంటుకు పోతున్నాం. ప్యాకర్స్ పిల్లలు వచ్చి కనిపించిన ప్రతి వస్తువునూ గోధుమరంగు కాగితంలో చుట్టి, టేపును బర్రున లాగి అంటించి పెట్టారు. నేను ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే నన్నూ చుట్టేసి మీద 'పగిలే సామాను' అని రాసేవాళ్లే, ఆ గుర్తింపు కూడా దక్కలేదు. మొదటి ట్రిప్పు లారీ గేటు దాటిందో లేదో, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఆ గ్రూపులో నేను నీళ్ల ట్యాంకు గురించి తప్ప మాట్లాడింది లేదు, గ్రూపు నా గురించి ఆ మాత్రమూ మాట్లాడలేదు. ఎదురు ఫ్లాటాయన తలుపు సగం తెరిచి "పోతున్నరా సార్?" అన్నాడు. అవునన్నాను. "మంచిది" అని తలుపు మూసుకున్నాడు. మేము ఇన్నాళ్లూ మా నేల అనుకున్నది కింది ఫ్లాటు వాళ్లకు కప్పు, మా కప్పు పై ఫ్లాటు వాళ్లకు నేల. మధ్యలో మేము టిఫిన్ క్యారియర్లో నడిమి గిన్నెలాగా ఉండిపోయాం. గిన్నె తీసేస్తే క్యారియర్‌కు ఏమవుతుంది, ఇంకో గిన్నె పెడతారు.

రెండో ట్రిప్పు లారీ కోసం ఎదురుచూస్తూ ఖాళీ హాలులో గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు మా అమ్మాయి అడిగింది.

"డాడీ, మీరు చిన్నగున్నప్పుడు ఇల్లు మారితే గిట్లనే ఉంటుండెనా?"

"గిట్ల కాదు బిడ్డా" అన్నాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. లారీ ఆలస్యంగా వచ్చింది కాబట్టి సరిపోయింది.

మాది సుల్తానాబాద్ పక్కన ఒక చిన్న ఊళ్లో సాలెవాడ. మట్టిగోడలు, మీద గూన పెంకలు, వంగకపోతే నుదుటికి గుర్తు పెట్టి పంపే పొట్టి దర్వాజలు, ప్రతి ఇంట్లోనూ నడిమింట్లో ఒక మగ్గం. ఇప్పటి పిల్లలకు మగ్గం అంటే నిలబడి ఉండే యంత్రమే గుర్తొస్తుంది గానీ మా వాడలోవి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, నేసే మనిషి ఆ గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగున ఉన్న పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పైన పడుగు దారాలు విడిపోయి కలుస్తుంటాయి, వాటి నడుమనుంచి నాడె అటూ ఇటూ పరుగెడుతుంటుంది. దర్వాజలోంచి చూసినవాళ్లకు మా తాత నడుము దాకానే కనిపించేవాడు. పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా సగం మనిషి నేలలో, సగం మనిషి నేల మీద. తాతకు కాళ్లు బజారుకు పోయేటప్పుడు మాత్రమే వస్తాయని నేను చాలాకాలం నమ్మాను. నా తెలివితేటల మీద మా అవ్వకు, అంటే మా అమ్మకు, అప్పటినుంచే అనుమానం.

మా దగ్గర భూమిని గుంటల లెక్కన చెప్పుకుంటారు. ఫలానా ఆయనకు ఇన్ని గుంటల పొలం ఉందంటే గౌరవం. "మాకూ ఒక గుంట ఉంది, అడ్డంగ పోలే, కిందికి పోయింది" అనేవాడు తాత, చుట్ట వెలిగించుకుంటూ. గుంట లోపలి గోడకు చిన్న గూడు తొలిచి ఉండేది. అందులో చుట్టలు, అగ్గిపెట్టె, తెగిన దారం ముడివేసే ముందు వేళ్లకు రాసుకునే బూడిద, ఎప్పుడో నేను దాచుకుని మరిచిపోయిన గోటీలు. ఎండాకాలం మధ్యాహ్నాలు పెంకల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడి నేలంతా కాలుతున్నా గుంట మాత్రం కుండలా చల్లగా ఉండేది; తాత తిని నడుము వాల్చినప్పుడు నేను దాంట్లోకి దిగి, పలకల పక్కన ముడుచుకుని, గంజి వాసనా చుట్ట వాసనా తడిమట్టి వాసనా కలిసిన ఆ చీకట్లో నిద్రపోయేవాణ్ని. దాగుడుమూతలు ఆడితే నన్ను ఎక్కడ వెతకాలో వాడంతటికీ తెలుసు. అయినా నేను ప్రతిసారీ అక్కడే దాక్కునేవాణ్ని.

వానాకాలం గుంటలో నీళ్లు ఊరేవి. పొద్దున్నే లేచి చూస్తే అడుగున కప్ప ఒకటి మా తాత పలక మీద మా తాతలాగే కూర్చుని ఉండేది. చెంబుతో నీళ్లు తోడిపోసేవాళ్లం, మళ్లీ ఊరేవి, పని బందయ్యేది. అవ్వ బియ్యప్పిండిలో నువ్వులూ శనగపప్పూ కరివేపాకూ వేసి గంజు గిన్నె అడుగున ఒత్తి సర్వపిండి కాల్చేది, మాడిన అంచు కోసం నేనూ తాతా కొట్లాడుకునేవాళ్లం. ముసురు తగ్గి తంగేడు పూసి, గునుగుపూలు తెల్లగా తలలెత్తే రోజులకు గుంట ఆరిపోయేది, బతుకమ్మ పండుగకు వాడంతా కొత్త బట్ట కోసం మగ్గాలు మోగేవి. పండుగ చివరి రోజు, సద్దుల నాడు, అవ్వ సజ్జ రొట్టెలు బెల్లంతో దంచి చేసిన మలీద ముద్దలు, నువ్వుల పొడి కలిపిన సద్ది, పెరుగన్నం విస్తర్లో పెట్టుకుని తింటుంటే వేళ్ల మధ్య నూనె మెరిసేది. దసరానాడు మగ్గం ముట్టుకోకూడదు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, నాడెను పీట మీద కూర్చోబెట్టి, ఆ ఒక్కరోజూ తాత గుంట బయట నేల మీద కూర్చునేవాడు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకు చాపి, వెనక్కి ముడిచి, మళ్లీ చాపి, పెళ్లిలో తెలియని చుట్టాల మధ్య కూర్చున్నవాడిలా ఇబ్బంది పడేవాడు.

చలికాలం తెల్లవారుజామున వాడ పొడుగునా పడుగు పరిచి, కర్రల మీద నిలబెట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాకా కుంచెతో గంజి పట్టించేవాళ్లు. పొగమంచులో దారాలు కనిపించేవి కావు, వాటి వెంట నడుస్తున్న మనుషులే గాలిని దువ్వుతున్నట్టు ఉండేది. మా ఎదురింటి ఎల్లయ్య తాత ఆ పనికి పెద్ద. ఆయన నోరు ఊరికే ఉండేది కాదు. "నర్సన్నా, నీ మనుమడు గంజి తాగిండో, పడుగుకు పెట్టిండో జర సూడు" అని నన్ను ఆడించేవాడు. నా మూతి చుట్టూ గంజి ఆరి తెల్లగా ఉండేది మరి.

తర్వాత పడుగులు పరవడం తగ్గింది. ఎవరో వచ్చి ఫలానా రోజునుంచి మానేయండని చెప్పలేదు. పట్నంలో కరెంటు మగ్గాలు పెరిగాయి, మా వాడకు నూలు రావడం ఒకసారి ఆలస్యమైంది, ఇంకోసారి సగమే వచ్చింది, తర్వాత రాలేదు. ఒక ఇంట్లో మగ్గం ఆగితే ముందు ఎవరికీ తెలిసేది కాదు. చప్పుళ్ల గుంపులో ఒక చప్పుడు తక్కువైతే ఏం తెలుస్తుంది. సగం వాడ ఆగిపోయాక మాత్రం మిగిలినవి ఒక్కొక్కటిగా వినబడటం మొదలైంది, ఇది ఎల్లయ్యది, ఇది మాది అని. మా బాపు రాజం, అంటే మా నాన్న, తాత పక్కన కండెలు చుడుతూ పెరిగినవాడే, తాతంత నేర్పు ఉన్నవాడే. ఆయన ఒకరోజు గోదావరి అవతల బొగ్గుబాయిలో పనికి పేరిచ్చి వచ్చాడు. బదిలీ ఫిల్లరుగా తీసుకున్నారు. ఎవరైనా పనికి రానినాడు వాళ్లకు బదులుగా దిగి బొగ్గు ఎత్తి టబ్బులో నింపేవాణ్ని బదిలీ ఫిల్లరు అంటారు. ఉద్యోగం పేరులోనే బదిలీ ఉన్నవాడికి ఊరు బదిలీ కాకుండా ఎట్లా ఉంటుంది. కొన్నాళ్లకు పని పక్కా అయింది, మందమర్రిలో క్వార్టరు దొరికింది, అందరం రావాల్సిందేనని బాపు అన్నాడు.

తాత కాదనలేదు. ఒక్కటే అడిగాడు.

"మగ్గం గూడ వస్తది గద?"

"వస్తది బాపూ. మగ్గం ఇడ్శిపెట్టి పోతమా?"

బాపు అబద్ధం చెప్పలేదు. మగ్గం వచ్చింది. మగ్గం అంటే కర్రలు, పలకలు, తాళ్లు, పన్నె, నాడె. అన్నీ విప్పి కట్టలు కట్టవచ్చు. రోలును పెకిలించవచ్చు, కాగును తవ్వి తీయవచ్చు, దర్వాజ తలుపులు కూడా ఊడదీసి లారీ ఎక్కించవచ్చు. అన్నీ ఎక్కించాం. గుంట ఒక్కటి లారీ ఎక్కలేదు. ఈ సంగతి వాడలో పుట్టి వాడలో పెరిగిన ఒక్కరికీ ముందుగా తట్టలేదంటే ఇప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మగ్గమంటే గుంటతో సహా అన్నమాటే వాళ్ల తలల్లో ఉంది. ఉన్నచోటే పుట్టి ఉన్నచోటే నేసిన మనుషులు, గుంటను మగ్గం నుంచి విడిగా ఎన్నడూ తలచుకోలేదు.

మా వాడలో ఒక పద్ధతి ఉండేది. మగ్గం లేపేసిన ఇంట్లో గుంటను నోరు తెరిచి వదలరు. వదిలితే అది ఇంకో ఇంటి మగ్గాన్ని లోపలికి పిలుస్తుందని భయం. అందుకని మగ్గం ఆడుతున్న ప్రతి ఇంటినుంచీ ఒకరు తమ వాకిట్లోని మన్ను తట్టెడు తెచ్చి ఆ గుంటలో పోయాలి. మగ్గం ఆగిన ఇంటివాళ్లు పోయకూడదు, ఆ ఆగుడు మన్నుతో పాటు అంటుకొస్తుందట. మేము బయలుదేరే నాడు పొద్దున్నే తాత గుంటలోకి దిగి, పలకలు విప్పి పైకి అందించి, గూట్లోని అగ్గిపెట్టె జేబులో వేసుకుని, గోడలు చేత్తో తుడిచి, ఇంకా ఏదో పని ఉన్నట్టు అక్కడే నిలబడ్డాడు.

"నర్సన్నా, బయిటికి రారాదు. నిన్ను గూడ పూడుస్తం సూడు" అన్నాడు ఎల్లయ్య తాత, తట్ట నెత్తిన పెట్టుకుని.

"పూడ్వుండ్రి. మందమర్రి పోయేది తప్పుతది" అన్నాడు తాత.

అందరూ నవ్వారు. తాతా నవ్వాడు, నవ్వుతూనే చేతులు అంచుకు ఆనించి పైకి వచ్చాడు. ఎల్లయ్య తాత తన తట్ట పోశాడు. ఇంకో రెండు మూడు ఇళ్లవాళ్లు పోశారు. తర్వాత ఎవరూ ముందుకు రాలేదు. వాకిట్లో వాడంతా నిలబడి ఉంది, చాలామంది తట్టలు లేకుండానే వచ్చారు. వాళ్ల మగ్గాలు ఎప్పుడో ఆగాయి. గుంట అడుగు కప్పి మన్ను ఆగిపోయింది. లారీ డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు. ఎవరి ముఖమూ ఎవరూ చూడలేదు. మా ఇంటి గుంట ఇంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

ఎల్లయ్య తాతే గొంతు సవరించుకున్నాడు. "ఏం జూస్తున్రు? పద్ధతి వట్టుకొని కూసుంటె గుంట నిండుతదా? ఇంక అంటుకునేందుకు ఏం మిగిలింది మనకాడ? తేండ్రి, ఎవల మన్నయితేంది."

అప్పుడు అందరూ కదిలారు. ఇళ్లకు పరుగెత్తి తట్టలతో, చాటలతో, చేతికి దొరికిన గంపలతో తెచ్చి పోశారు. ఆడవాళ్లు కాళ్లతో తొక్కారు. అవ్వ పేడ కలిపి పైన అలికింది. ఇల్లు కొన్నవాళ్లు మంచి మనుషులు, అంతసేపూ అరుగు మీద కూర్చుని ఏమీ అనలేదు. లారీ ఎక్కాక తాత వెనక్కి తిరిగి చూశాడో లేదో నేను చూడలేదు. లారీ ఎక్కడమే నాకు మొదటిసారి, మా మగ్గం కర్రల కట్ట మీద కూర్చుని గోదావరి ఎప్పుడొస్తుందా అని ముందుకే చూస్తున్నాను. గోదావరి వచ్చినప్పుడు ఇసుక ఎక్కువా నీళ్లు తక్కువా ఉన్నాయి, నేను నిరాశపడ్డాను.

క్వార్టరు చూసి అవ్వ సంతోషపడింది, అది ఆమె దాచుకోలేదు. కరెంటు బల్బు, వీధి చివర నల్లా, ఎర్ర పెంకుల వరుస ఇళ్లు, వంగకుండా లోపలికి పోవచ్చు. నేల నున్నటి గచ్చు. తాత చెప్పులు విడిచి ఆ గచ్చు మీద నాలుగు వైపులా నడిచాడు, మడమతో కొట్టి చూశాడు, బాపు వైపు చూశాడు. బాపు సామాను దించే పనిలో మునిగిపోయాడు. మగ్గం కర్రలు వెనక గోడకు ఆనించారు. అవి అట్లా నిలబడే ఉన్నాయి. సైరన్ మోగితే కాలనీ లేచేది, సైరన్ మోగితే తినేది, సైరన్ మోగితే నల్లటి ముఖాలతో తిరిగొచ్చేది. మా వాడలో చప్పుడు ఆగితే భయమేసేది, ఇక్కడ చప్పుడైతే భయమేసేది. ఉతికి ఆరేసిన బట్టల మీద బొగ్గుపొడి సన్నగా దిగేది, అవ్వ దులిపి మళ్లీ ఆరేసేది, మళ్లీ దిగేది. తాత గచ్చు మీద కూర్చోవడం నేర్చుకోలేకపోయాడు.

ఒకరోజు బాపు మొదటి షిఫ్టుకు పోయాక తాత క్వార్టరు వెనక, దడి లోపల, గడ్డపలుగు పట్టాడు. పైమట్టి ఎర్రగా వచ్చింది, కింద నల్లరేగడి వచ్చింది. తవ్వుతూ తవ్వుతూ మధ్యలో దిగి అంచున కూర్చుని, కాళ్లు దించి చూసుకుని, లేచి మళ్లీ తవ్వేవాడు. ఆయన ముఖం అట్లా ఉండటం ఆ ఊరికి వచ్చాక నేను చూడలేదు. పక్క క్వార్టరు లచ్చవ్వ దడి మీదుగా తొంగిచూసింది.

"ఏంది మామా, బొగ్గు వడ్తదా?"

"వడితె నీకు రెండు తట్టలు పంపుత బిడ్డా, ఫికర్ వెట్టుకోకు" అన్నాడు తాత. ఆ పూట ఆయన పాట లాంటిది కూడా ఏదో అన్నాడు, మాటలు లేని పాట.

పైన నాలుగు గుంజలు పాతి తాటాకు వేయాలని, వాన కాలువ అటు తిప్పాలని, దసరాకు ముందే ఒక పడుగు ఎక్కించాలని అవ్వకు చెబుతూ తవ్వాడు. నూలు ఎక్కడినుంచి వస్తుందని అవ్వ అడగలేదు. ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. సైరన్ మోగింది. బాపు నేరుగా వెనక్కే వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా, నుదుటి మీద దీపం టోపీ గుర్తు పడిన చోట చెమట గీత, మిగతా ముఖమంతా నలుపు. గుంటను చూశాడు. డబ్బా కింద పెట్టాడు. తర్వాత గుంటకు దూరంగా, దడి పక్కన కింద కూర్చున్నాడు.

"బాపూ" అన్నాడు. "నేను దినాం దిగుతున్న. దిగెటప్పుడు నాకు ఒక్కటే యాదికుంటది, ఇంటికాడ నేల సాఫుగ ఉంటదని. గదొక్కటి ఉండనియ్యి."

అప్పటిదాకా మా బాపుకు భయముందని ఇంట్లో ఎవరికీ తెలియదు. షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి, జొన్న రొట్టె మీద పచ్చి పులుసు పోసుకుని తిని, నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టుకునే మనిషి. దిగడమన్నది ఆయనకు మెట్లు దిగడమంత మామూలనే అనుకున్నాం. తాత గడ్డపలుగు పక్కన పెట్టాడు.

"మరి నేను యాడ కూసోవాల్నో జెప్పు రాజం" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. కొత్త ఊళ్లో దారి అడిగినట్టు కొడుకును అడిగాడు.

"మంచం మీద కూసో బాపూ. ఇంక ఎన్నొద్దులు కష్టవడ్తవు? నేను తెస్తున్న గద" అన్నాడు బాపు. ఇంతకన్నా ప్రేమగా ఒక కొడుకు ఏమంటాడు. ఇంతకన్నా గట్టిగా తలుపు ఎట్లా మూస్తాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి గుంట పూడ్చారు. ఈసారి తట్టలతో ఎవరూ రాలేదు. ఎవరిని పిలవాలి, ఏ మగ్గం ఆడుతున్నదని. తీసిన మన్నే తిరిగి పోశారు. లచ్చవ్వ దడి అవతల నిలబడి ఇంకో మాట అనబోయి, వాళ్ల ముఖాలు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మగ్గం ఒక్కసారిగా పోలేదు. ఒక గుంజ స్నానాల తడకకు ఊతమైంది, పెద్ద కర్ర మిరపకాయలు ఎండేసే నులక మంచానికి అడ్డకర్ర అయింది, పలకల్లో ఒకటి అవ్వ పొయ్యి ముందు పీటగా చేసుకుంది. తాత మంచం మీద కూర్చునేవాడు. మంచం ఎత్తుకు పాదాలు నేలను అంటేవి కావు. గాలిలో ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా కిందికీ పైకీ కదులుతుండేవి. చూసినవాళ్లు ముసలాయన కాళ్లు ఊపుకుంటున్నాడనుకునేవాళ్లు. బాపు మాత్రం ఎక్కువసేపు అటు చూసేవాడు కాదు. ఎంత బాగా చూసుకోవాలో అంత బాగా చూసుకున్నాడు, బజారు నుంచి చుట్టలు తెచ్చేవాడు, మెత్తటి అన్నం పెట్టించేవాడు. తాతకు జబ్బేమీ లేదు. మాటలు తగ్గాయి, తర్వాత తిండి తగ్గింది, తర్వాత కాళ్లు కదలడం ఆగింది. ఎక్కువ కాలం ఉండలేదు. ఎవరి తప్పని చెప్పను? ఒకరికి గుంట లేక ఊపిరాడలేదు, ఒకరికి గుంటను చూస్తే ఊపిరాడలేదు. ఇద్దరూ నా వాళ్లే.

ఆ తర్వాత ఎప్పుడో చుట్టాల పెళ్లిలో మా పాత ఇల్లు కొన్నాయన బాపుకు ఎదురుపడ్డాడు. "మీ గుంటతోని పరేషాన్ అయితున్నం రాజన్నా" అన్నాడు నవ్వుతూ. "వానకాలం రాంగనే గాడ నేల కుంగుతది. ఎంత మన్ను వోసినా ఆగుతలేదు. మీ బాపు ఇంకా గాడనే కూసున్నట్టుంది." పక్కనున్నవాళ్లు నవ్వారు. బాపు నవ్వబోయి నవ్వలేక, విస్తరి వదిలేసి చేతులు కడుక్కోవడానికి లేచాడు. తర్వాత వాళ్లు ఆ ఇల్లు పడగొట్టి స్లాబు వేసుకున్నారు, ఇప్పుడు అక్కడ నేల కుంగదట. సాలెవాడలో ఒక్క మగ్గం లేదు. మందమర్రిలో మేమున్న వరుస క్వార్టర్లు కూడా లేవు, వాటి చోట సర్కారు తుమ్మలు మొలిచాయి. బాపు దిగాల్సినన్నాళ్లు దిగి, దగ్గుతో పైకి వచ్చి, దగ్గుతోనే పోయాడు. అవ్వా పోయింది. నేను చదువుకుని, నేలకు ఎక్కడా కాలు అంటని ఉద్యోగం సంపాదించి, మూడో అంతస్తులో మేకులు కొట్టుకున్నాను.

మా అమ్మాయి అంతా విన్నది. మోకాళ్లు దగ్గరికి తీసుకుని, గడ్డం ఆనించి, గచ్చు వైపు చూస్తూ అడిగింది.

"ఎంత లోతుంటుండె డాడీ, గా గుంట?"

లేచి నిలబడ్డాను. చూపిద్దామని చెయ్యి మోకాలి దగ్గర పెట్టాను, కాదనిపించింది, తొడ దాకా ఎత్తాను, అదీ కాదనిపించి దించాను. మగ్గం గుంటను గజాలతో కొలిచి తవ్వరు, కూర్చునే మనిషి కాళ్ల పొడుగును బట్టి తవ్వుతారు, పాదం పలకకు సరిగ్గా అందాలి, మోకాలు పడుగుకు తగలకూడదు. మా తాత కాళ్లు ఎంత పొడుగో నాకు తెలియదు. అడుగుదామంటే తెలిసినవాళ్లు ఎవరూ లేరు. బాపు లేడు, అవ్వ లేదు, ఎల్లయ్య తాత లేడు, ఆ లోతును కాళ్లతో ఎరిగిన మనిషి మా వైపు ఇప్పుడు ఒక్కరూ లేరు. నాకు తెలిసిన కొలత ఒకటే ఉంది, ఏడెనిమిదేళ్ల పిల్లవాడి కొలత.

"నాకైతే మెడ దాకా వస్తుండె" అన్నాను, గొంతు కింద చెయ్యి అడ్డం పెట్టి.

ఆ పిల్ల తలెత్తి నా చెయ్యి ఉన్న చోటును చూసింది, అక్కడినుంచి మెల్లగా నా పాదాల దాకా చూపు దించింది, కళ్లు పెద్దవి చేసింది.

"అంత లోతా" అంది.

కింద రెండో ట్రిప్పు లారీ వచ్చి ఆగింది. ప్యాకర్స్ పిల్లలు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తున్నది. మా ఆవిడ తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సరిచేసి చెప్పడానికి టైము ఉంది, నేనే చెప్పలేదు.

"అవును బిడ్డా" అన్నాను. "అంత లోతే."